ఆదివారం గడి

"సంతకం పెట్టను. కారణం చెప్తే పెడతా, లేకపోతే లేదు."

తల్లి దుప్పటి రెండు కొసలు తన దగ్గరుంచుకుని మిగతా రెండూ కూతురి వైపు విసిరింది. ఎంత కోపంలో ఉన్నా ఆవిడ దుప్పటి మడత మానదు. ఇరవై ఏళ్ళుగా ఆసుపత్రి బట్టల గదిలో అదే పని. ఇంట్లో దుప్పటికైనా ఆసుపత్రి మడతే పడాలి, ఒక్కతే మడిస్తే సాపుగా రాదు, అందుకని ఎంత పోట్లాటలో ఉన్నా ఎదురుగా ఇంకో మనిషి నిలబడాలి.

పిచ్చుక కొసలు అందుకుంది. మనిషి సన్నం, గొంతు సన్నం. అసలు పేరు యూనివర్సిటీ హాజరు పట్టీకే పరిమితం, ఇంట్లో అందరికీ పిచ్చుకే.

"కారణం ఏముంటుందమ్మా? మర్చిపోయాను. అంతే."

"మర్చిపోయావా! నెల రోజుల నుంచి నీ పరీక్ష అని ఈ ఇంట్లో టీవీ పెట్టలేదు. గిన్నె చప్పుడైతే నేనే ఉలిక్కిపడి నీ గది వైపు చూసేదాన్ని. మంగళవారం పదింటికి అక్కడ పరీక్ష జరుగుతుంటే ఇక్కడ నువ్వేం చేశావో చెప్పనా? మీ నాన్న గోళ్ళు కత్తిరించావు. నా కళ్ళతో చూశా. పైగా కూనిరాగం ఒకటి."

ఇద్దరూ మడత వేస్తూ దగ్గరికొచ్చారు. వేళ్ళు తగిలాయి. తల్లి కొసలు లాక్కుని వెనక్కి నడిచింది.

పిచ్చుక గురువారం ఉదయం పెన్నులు, స్కేలు, హాల్ టికెట్టు సర్దుకుని పరీక్షకి వెళ్ళింది. ఆ గదిలో ఎవరిదో పాఠం జరుగుతోంది. స్టాటిస్టిక్స్ పరీక్ష మంగళవారమే అయిపోయిందని గుమ్మంలో నిలబడ్డాక తెలిసింది. పరీక్షల వారంలో పిచ్చుక ఫోను ఆఫ్ చేసి తల్లి బీరువాలో పెట్టడం ఆనవాయితీ కాబట్టి స్నేహితురాళ్ళు చేసిన ఫోన్లన్నీ బీరువాలోనే ఉండిపోయాయి. డిపార్టుమెంటు హెడ్డు మేడం కాళ్ళా వేళ్ళా పడితే ఒక దారి చూపించింది. ఎందుకు రాలేదో తల్లో తండ్రో కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. అది శుక్రవారం నాలుగింటిలోపల అందితే మళ్ళీ రాయనిస్తారు, అందకపోతే ఏడాది పోయినట్టే.

ఇవాళే శుక్రవారం. గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. తల్లి రెండింటి డ్యూటీకి ఒంటిగంటా ముప్పావుకల్లా గుమ్మం దాటాలి.

"జ్వరమని రాసెయ్యమ్మా," అన్నాడు అన్న, గుమ్మం పక్క కుర్చీలోంచి. ఫోన్లు బాగుచేసే షాపు అతనిది. తల్లి కబురు పెడితే షాపు మూసి వచ్చాడు. చొక్కా జేబులో చిన్న స్క్రూడ్రైవరు అలాగే ఉంది. "అందరూ అదే రాస్తారు."

"ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. లేని జ్వరం నా చేత్తో రాయను."

"అయితే దాన్నే అడుగు. చార్టు గోడకి పెట్టుకుని పరీక్ష మర్చిపోయేవాళ్ళుంటారా? చదవలేదు, భయమేసింది, ఎగ్గొట్టింది. ఒప్పుకోమను."

ఆ చార్టు గోడ మీద లేదు. ఎనిమిది మడతలు పడి, స్టాటిస్టిక్స్ పుస్తకం అట్ట లోపల ఉంది.

ఆ చార్టు సంగతి చెప్పాలంటే తండ్రి సంగతి చెప్పాలి. ఆయన బస్సు డిపోలో డ్యూటీ చార్టు రాసే గుమాస్తాగా ముప్ఫై ఏళ్ళు చేశాడు. ఎనభై మంది డ్రైవర్లలో ఏ రోజు ఎవరు ఏ బండి ఎక్కాలి, ఎవరికి ఏ వారం ఆఫ్, అంతా ఆయన చేతిలోదే. డిపోలో ఆయన్ని గడియారం అని పిలిచేవారు. ఆయన చార్టు తప్పడం వల్ల ఒక్క బండి కూడా షెడ్డులో నిలిచిపోలేదని ఇప్పటికీ చెప్పుకుంటారట. చెప్పుకునేది ఎక్కువగా ఆయనే అనుకోండి.

రిటైరయ్యాక ఆయన చేతికి మిగిలిన డ్రైవరు పిచ్చుక ఒక్కతే. ఆమె యూనివర్సిటీలో చేరిన మొదటి వారమే స్కేలు, రెండు రంగుల పెన్నులు ముందేసుకుని కూర్చున్నాడు. "కష్టమైన సబ్జెక్టు పొద్దున ట్రిప్పులో వెయ్యాలి. తేలికది సాయంత్రం ట్రిప్పు. గంటన్నరకి పది నిమిషాల హాల్టు. ఒకే రూటు వరసగా రెండుసార్లు వేస్తే డ్రైవరు కునుకు తీస్తాడు, నీకైనా అంతే." ఏడు రోజులకి ఏడు నిలువు గళ్ళు. ఆఖరి గడి వీక్లీ ఆఫ్, ఆ రోజు పుస్తకం ముట్టుకోకూడదు. అడుగున గీత గీసి, గీత కింద 'స్పేర్' అని రాసేవాడు. డిపోలో స్పేర్ అంటే తనకంటూ బండి లేకుండా వచ్చి కూర్చునే మనిషి. ఎవరు రాలేకపోతే వాళ్ళ డ్యూటీ అతను ఎక్కాలి. పిచ్చుకకి స్పేర్ కింద వారానికి రెండు ఖాళీ గంటలు ఇచ్చేవాడు, చదవకుండా జారిపోయిన పాఠాలు ఆ గంటల్లో పూడ్చుకోమని.

రెండేళ్ళుగా ప్రతి ఆదివారం సాయంత్రం చార్టు గోడకెక్కుతోంది. పరీక్షల నోటీసు చేతికి రాగానే తండ్రికి ఇచ్చేసి తేదీ సంగతి మర్చిపోవడం ఆమెకి అలవాటైపోయింది. చార్టు ఉండగా బుర్రకి బరువెందుకు?

పోయిన ఆదివారం చార్టు సోమవారంతో కాక బుధవారంతో మొదలైంది. పిచ్చుక చూసింది. నాన్న ఏదో సరదా చేశాడనుకుని నవ్వుకుంది కూడా. డిపోలో వారం బుధవారం మొదలయ్యేదని, ఆయన చెయ్యి ఆ పాత వరసలోనే పోయిందని గురువారం మధ్యాహ్నం చార్టు ముందు నిలబడ్డాక తెలిసింది. సోమవారం రాయాల్సింది బుధవారం కింద పడింది. మంగళవారం పరీక్ష గురువారం కింద పడింది. ఆదివారం ఆఫ్ వచ్చి మంగళవారం కింద కూర్చుంది.

ఆ కారణం కాగితం మీద పెట్టాలంటే ఈ చార్టు ఆయన కళ్ళబడాలి. ముప్ఫై ఏళ్ళ గర్వం ఒక్క కాగితంతో పోతుంది. పెట్టకపోతే తన ఏడాది పోతుంది. నిన్నటి నుంచి పిచ్చుక ఈ రెండింటి మధ్యా నలుగుతోంది. ఆలోచించిన ప్రతిసారీ, ఏడాదే పోనీ అనిపిస్తోంది.

"ఎప్పుడొచ్చావురా?"

తండ్రి పేపరు చేత్తో పట్టుకుని గది గుమ్మంలో నిలబడ్డాడు.

"గంటైంది నాన్నా. నాకు తలుపు తీసింది నువ్వేగా," అన్నాడు అన్న.

"పేపర్లో తల దూరిస్తే ఆయనంతే," అంది తల్లి. "ఇదో కొత్త జబ్బు, చదివిన ప్రతి పేజీకీ మూల మడుస్తున్నారు. పొట్లం కట్టుకుందామన్నా సాపైన కాగితం దొరకదు. మంచి ఒక్కటే నేర్చుకున్నారు, టీ తాగిన గ్లాసు కడిగి బోర్లిస్తున్నారు. పెళ్ళైన ఇన్నేళ్ళకి."

తండ్రి నవ్వాడు. మెల్లగా వచ్చి కూతురి ముందు నిలబడ్డాడు.

"బండి కదల్లేదంటే ముందు డ్రైవర్ని తిట్టకూడదు," అన్నాడు భార్యతో. "ముందు చార్టు తెప్పించాలి. చార్టులో ఉండి మనిషి రాకపోతే తప్పు మనిషిది. ఎంక్వయిరీ అంటే అదీ. చార్టేది పిచ్చుకా?"

"చిరిగిపోయింది నాన్నా. పారేశా."

"చిరిగిందా, చింపావా?" అన్నాడు అన్న.

"నువ్వు ఊరుకోరా. పాపం, కోపంలో చింపుకుని ఉంటుంది. దానికేముంది," అన్నాడు తండ్రి తేలిగ్గా. "కార్బన్ కాపీ ఉంటుందిగా."

పిచ్చుక రెండేళ్ళుగా చూస్తూనే ఉంది, ఆయన ఏది రాసినా కింద నీలం కార్బన్ పెట్టే రాస్తాడు. ఒకటి గోడకి, ఒకటి ఫైలుకి. అంత తెలిసీ ఆ సంగతి తట్టలేదు.

"నేను తెస్తా," అంటూ ఆయన కదలకముందే గదిలోకి పరుగెత్తింది.

ఆకుపచ్చ ఫైలు బీరువా అడుగు అరలో ఉంది. పైనే ఉంది పోయిన ఆదివారం రాసిన చార్టు కాపీ. దాన్ని లాగి నడుము దగ్గర దోపుకుంది. ఇక్కడికి గండం గడిచిందనుకుంది. ఫైలు మూయబోతూ ఆగింది.

కాపీల అడుగున ఇంకో కట్ట ఉంది. అదే స్కేలు గీతలు, అవే ఏడు గళ్ళు. పైన ఉండాల్సిన ఆమె పేరు మాత్రం లేదు.

'ఉదయం 6. పళ్ళు తోముకోవాలి. నీలం బ్రష్షు నాది.

'7. టీ తాగాక గ్లాసు కడిగి బోర్లించాలి. బోర్లించి ఉంటే తాగినట్టే. మళ్ళీ అడగకు.

'8. పిచ్చుక వెళ్ళేది యూనివర్సిటీకి. బడికి కాదు.

'10. పేపరు. చదివిన పేజీ మూల మడవాలి.

'3. పెద్దాడికి పెళ్ళయింది. వేరే ఉంటున్నాడు. ఇంకా ఇంటికి రాలేదేమని అడగకు.

'5. నడక. మందుల షాపు దగ్గర ఎడమకి. కుడికి వెళ్ళకు.

'6. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఎక్కడుందని అడగకు.'

పిచ్చుక నేల మీద కూలబడింది. అక్షరాలు అలికినట్టయ్యాయి. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివింది. ఆదివారం నాలుగు గంటల గడిలో 'ఆవిడకి చెప్పాలి' అని ఉంది. దాన్ని కొట్టేసి, పక్క వారానికి బాణం గుర్తు వేసి ఉంది. కింద కాగితంలోనూ అదే మాట, అదే బాణం. ఆ కిందా అంతే. పదకొండు కాగితాల్లో పదకొండు బాణాలు.

ప్రతి కాగితం అడుగునా గీత ఉంది. గీత కింద, 'స్పేర్: పిచ్చుక.'

"ఆ అడుగువి నావి," అన్నాడు తండ్రి.

ఎప్పుడొచ్చాడో, తలుపు దగ్గరగా వేసి నిలబడి ఉన్నాడు. దొంగతనం బయటపడ్డ చిన్నపిల్లాడిలా ఉంది ముఖం.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"వానలకి ముందు. టీ తాగానా అని మీ అమ్మని రెండుసార్లు అడిగా. నవ్వింది. మూడోసారి నోటిదాకా వచ్చి ఆగిపోయా." మంచం అంచున కూర్చున్నాడు. "చార్టు మనకి తెలిసిన పనే కదా. ఎనభై మందిని నడిపినవాణ్ణి, నన్ను ఒక్కణ్ణి నడుపుకోలేనా అనుకున్నా."

"డాక్టరుకి చూపించుకోవాలి గదా!"

"దానికీ గడి వేశా. కానీ ముందు మీ అమ్మకి చెప్పాలి. అది కదిలితేగాని ఇది కదలదు. ఆదివారం నాలుగింటికి తీరిగ్గా కూర్చుని తల దువ్వుకుంటుంది చూడు. వారానికి ఆ అరగంటే తనది. చెడగొట్టబుద్ధి కాలేదు. వచ్చే వారం చూద్దాంలే అనుకున్నా. అలా అనుకుంటూనే ఉన్నా."

పిచ్చుక ఆయన మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చింది. చప్పుడు హాల్లోకి పోకుండా ఏడవడం ఎంత కష్టమో ఆమెకి ఆ రోజే తెలిసింది. ఆయన చెయ్యి జుట్టు నిమిరింది, భుజం మీదికి జారింది, నడుము దగ్గర బయటికి తొంగి చూస్తున్న కాగితం మీద ఆగింది.

"ఇదేంటి?"

"ఏం లేదు నాన్నా, ఇలా ఇవ్వు..."

అప్పటికే విప్పాడు. వేలు పై వరస మీద నడిచింది. బుధ, గురు, శుక్ర. అక్కడ ఆగి వెనక్కి వచ్చింది. మళ్ళీ నడిచింది. హాల్లో తల్లి దుప్పటి దులుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"డిపో వారం వేశానే," అన్నాడు చివరికి. "నువ్వు చూసుకోలేదా?"

"చూశా. సరదాకి వేశావనుకున్నా."

"మంగళవారం నీకు ఆఫ్ వేశా."

"ఊఁ."

"అందుకేనా... నా గోళ్ళు?"

ఆమె తల ఊపింది. తండ్రి కత్తిరించిన తన గోళ్ళ వైపు చూసుకున్నాడు. పదీ ఎంతో నీటుగా ఉన్నాయి. కూతురు ఉందనైనా దాచుకోలేకపోయాడు, ఏడ్చేశాడు.

"ఎవరికీ చెప్పకు నాన్నా. చదవలేదనే చెప్తా. ఏడాదేగా! మళ్ళీ రాసుకుంటా."

"నోర్ముయ్." ఆయన అంత గట్టిగా అనడం ఆమె ఎప్పుడూ వినలేదు. "నా చార్టు మూలంగా ఏ డ్రైవరుకీ శిక్ష పడలేదు. నీకు పడనిస్తానా? కాగితం తే."

రాశాడు. ఎప్పటిలాగే అడుగున కార్బన్ పెట్టుకున్నాడు. ఒక్క కొట్టివేత లేకుండా గుండ్రంగా, నిదానంగా రాశాడు. 'మా అమ్మాయి చదువు చార్టు ప్రతి వారం నేనే రాస్తాను. పోయిన ఆదివారం రాసినదాంట్లో వారాల వరస తప్పు వేశాను. ఈ మధ్య నాకు జ్ఞాపకం తప్పుతోంది. తప్పు చార్టు రాసినవాడిది, డ్యూటీ చేసినవాళ్ళది కాదు. దయచేసి నా కూతురికి పరీక్ష రాయడానికి అవకాశం ఇప్పించగలరు.' సంతకం పెట్టాడు. కింద తేదీ వేయబోతూ ఆగి, కూతురి వైపు చూశాడు. ఆమె చెప్పింది. వేశాడు.

"జేబులో పెట్టుకుపోతా. అమ్మకి చూపించను," అంది పిచ్చుక.

"వద్దు. బయటివాళ్ళు ముందు చదివి, మీ అమ్మ తర్వాత తెలుసుకోవడం మర్యాద కాదు." చొక్కా జేబులోంచి ఈ వారం తన చార్టు తీశాడు. ఆదివారం గడిలో మాట కొట్టేశాడు. ఈసారి బాణం వేయలేదు. శుక్రవారం గడిలో ఒంటిగంటన్నర అని వేసి, 'ఆవిడకి చెప్పాలి' అని రాశాడు. "ఇవాళే."

వాళ్ళు హాల్లోకొచ్చేసరికి అన్న కుర్చీ ఖాళీగా ఉంది. షాపు తెరవాలని వెళ్ళిపోయాడట. తల్లి చీర మార్చుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుని, మిగిలిన ఒక్క దుప్పటితో కుస్తీ పడుతోంది. గడియారం ఒంటిగంటన్నర దాటింది.

"దొరికిందా చార్టు?"

తండ్రి ఎదురుగా వెళ్ళి దుప్పటి కొసలు రెండు అందుకున్నాడు. ఆవిడ ఆశ్చర్యంగా చూసి తన కొసలు సవరించుకుంది. ఒక మడత పడింది. ఒక అడుగు దగ్గరికొచ్చారు. ఇంకో మడత. ఇంకో అడుగు. చేతులు కలిసేంత దగ్గరికొచ్చి ఆయన ఆగాడు.

"ఏంటండీ, ఏదో చెప్పబోతున్నట్టున్నారు?" అంది ఆవిడ. ఆ గొంతులో ఇందాకటి కోపం లేదు.

ఆయన పెదవులు కదిలాయి. కళ్ళు ఆవిడ ముఖంలో దేనికోసమో వెతికాయి. పిచ్చుక కాగితం పట్టుకుని చూస్తోంది. తర్వాత ఆ వెతుకులాట ఆగిపోయింది. ముఖం తేటగా, ప్రశాంతంగా అయిపోయింది, ఏ పనీ లేని మధ్యాహ్నం లాగా.

"నీకు డ్యూటీకి టైమవుతోంది కదూ?" అన్నాడు మెత్తగా. "వెళ్ళిరా. ఆలస్యమైతే మాట పడతావు."

"ఈ మాత్రం దానికి అంత ముఖం పెట్టారా!" ఆవిడ నవ్వేసింది. దుప్పటి ఆఖరి మడత తనే వేసుకుని, చెప్పులు వేసుకోవడానికి గుమ్మం వైపు నడిచింది. నడుస్తూ కూతురి చేతిలో కాగితం చూసింది.

"మొత్తానికి మీ నాన్న చేత రాయించుకున్నావన్నమాట. ఏమని రాశారు? జ్వరమనేనా?"

పిచ్చుక తండ్రి వైపు చూసింది. ఆయన సోఫా పక్కన నిలబడి, ఏం జరుగుతోందో ఎవరైనా చెప్తే బాగుండునన్నట్టు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయన చొక్కా జేబులో చార్టు మడత కనిపిస్తోంది. దాని అడుగున గీత కింద ఏముందో పిచ్చుకకి తెలుసు.

డ్యూటీ ఎక్కాల్సిన మనిషి ఎక్కలేకపోయాడు.

తల్లి ఒక చెప్పు వేసుకుంది. రెండోది కాలితో వెతుక్కుంటోంది.

"అమ్మా," అంది పిచ్చుక. "ఆ బ్యాగు కింద పెట్టు. కాసేపు కూర్చో."